ఆ పిల్లకి వేసిన జడ

ఇలా రావే, నా పక్కకి జరిగి కూర్చో. ఆ ఫోను బోర్లా పెట్టు. నువ్వు అక్కడే ఉండి, అన్నీ చూసి, ఒక్కటీ గుర్తులేని సంగతి ఒకటి చెబుతాను. అప్పటికి నీకు నాలుగేళ్ళు. ఇంత వయసులో నీకెలా గుర్తుంది అమ్మమ్మా అని అడక్కు. నాకు అక్షరాలు నిలవలేదు గానీ చూసినవి చెరగవు.

మీ అమ్మా నాన్నా ఇద్దరూ టీచర్లుగా పరాయి దేశంలో దిగిన మొదటి మూడు నెలలు అవి. అక్కడ లెక్కలు చెప్పేవాళ్ళూ సైన్సు చెప్పేవాళ్ళూ చాలడం లేదని పరీక్షలు పెట్టి, ప్రశ్నలడిగి, ఇద్దరినీ ఒకే స్కూలుకి తీసుకున్నారు. నిన్ను చూసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. చలి మొదలయ్యే ముందు దిగాం. షరతు ఒకటే. మూడు నెలలు చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే ఆ టర్ముతో సరి. మీ నాన్న సంగతి మీ నాన్నదే, మీ అమ్మ సంగతి మీ అమ్మదే. మొగుడు నచ్చాడు కదా అని పెళ్ళాన్ని ఉంచుకోరు.

మీ నాన్న నాకు అల్లుడు కాకముందు మేనల్లుడు. మా అన్నయ్య కొడుకు. నా చంకలో పెరిగాడు. అందుకే ఈ కథలో నేను వాణ్ణి ఒరేయ్ అంటే ఆశ్చర్యపోకు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మెట్ల మీద దీపం మనం అడుగు పెట్టగానే వెలిగేది, మనం ఇంకా రెండో అంతస్తులో ఉండగానే ఆరిపోయేది. నేను గోడ పట్టుకుని, "ఇంకో పది మెట్లు ఓపిక పట్టలేవా తల్లీ" అని దీపాన్ని బతిమాలుకునేదాన్ని. బట్టలుతికే మిషను కింద నేలమాళిగలో ఉండేది. అన్ని ఇళ్ళకీ అదే, వంతులు. మన వంతు శుక్రవారం నాలుగింటికి. అది తప్పిందా, వారం దాకా మాసిన బట్టలే గతి.

మొదటిరోజు మీ అమ్మ కోడి కూయకముందే లేచింది. కూయడానికి అక్కడ కోళ్ళు లేవనుకో. పన్నెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి పెళ్ళికూతురిలా అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. సాయంత్రం తిరిగొచ్చి బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూలబడి ఒకటే నవ్వు.

"ఏమైందే?" అన్నాను.

"క్లాసు గుమ్మంలో నిలబడ్డానమ్మా. పిల్లలు లేచి నిలబడతారు, నమస్కారం చెబుతారు, అప్పుడు లోపలికి వెళ్దామని. ఒక్కళ్ళూ లేవలేదు. వాళ్ళు నన్ను చూస్తున్నారు, నేను వాళ్ళని చూస్తున్నాను."

"ఎంతసేపు?"

"చాలాసేపే. చివరికి ఒక పిల్ల లేచొచ్చి, దారి తప్పారా, ఎవరి కోసమైనా వెతుకుతున్నారా అని అడిగింది."

మీ నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వే నయం. నేను దర్జాగా లోపలికెళ్ళి, 'కూర్చోండి, కూర్చోండి' అన్నాను. అప్పటికే అందరూ కూర్చునే ఉన్నారు."

అలా నవ్వుకునేవాళ్ళం మొదట్లో. అక్కడ సుద్దముక్కలు లేవు, తెల్లబోర్డు మీద పెన్నుతో రాయడమే. అయినా పాఠం అవగానే మీ అమ్మ అలవాటు కొద్దీ రెండు చేతులూ దులుపుకునేదట. రెండు వారాలకి క్లాసులో పిల్లలందరూ తనతోపాటు చేతులు దులుపుకోవడం మొదలుపెట్టారట. వెక్కిరింతో ముద్దో తెలియలేదని చెప్పింది. "ఏదైతేనేం, నీ వైపు చూస్తున్నారు కదా" అన్నాను.

చూసేవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. క్లాసు చివర ఒకావిడ కూర్చునేది. వీళ్ళని ఉంచాలో పంపాలో తేల్చేది ఆవిడ రాసే రాతే. మీ నాన్న ఆవిడకి వెనకబెంచీ అని పేరు పెట్టాడు. అరవదు, నవ్వదు, తల ఊపదు. రాసుకుంటుంది, అంతే. "ఇవాళ వెనకబెంచీ వచ్చిందా?" అన్నది మా ఇంట్లో "అన్నం తిన్నారా?" లాంటి ప్రశ్న అయిపోయింది.

"నేను బోర్డుకి అతుక్కుపోతున్నానట. అందరిచేతా ఒకేసారి ఎక్కాలు చెప్పించకూడదట" అనేది మీ అమ్మ.

"మరేం చేయాలట?"

"చెప్పదుగా. 'ఇంకోలా కూడా ఆలోచించవచ్చు' అంటుంది. తిట్టినా బావుండునమ్మా. తిడితే ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది."

నెల దాటాక ఒకరోజు మీ అమ్మ వచ్చి కోటు కూడా తీయకుండా కుర్చీలో కూర్చుండిపోయింది. పాఠం అయ్యాక వెనకబెంచీ తన దగ్గరికొచ్చి ఒకే ఒక్క మాట అడిగిందట. "కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి మీ క్లాసులో ఉందని మీకు తెలుసా?"

"తెలీకేం? తెలుసు. భిన్నాలు అస్సలు రావు దానికి. అడిగితే తల వంచుకుంటుంది. సిగ్గుపడుతుందని వదిలేశాను. పన్నెండేళ్ళలో ఏ పిల్లనీ అలా వదల్లేదమ్మా. ఇక్కడికొచ్చి, ఎవరు చూస్తున్నారో ఏం రాస్తున్నారో అనే భయంలో పడి, పిల్లని మర్చిపోయాను."

మీ అమ్మ సంగతి నీకు తెలియదు. మన దగ్గర దాని అలవాటేమిటంటే, లెక్క రాని పిల్లల్ని సాయంత్రాలు ఇంటికి తీసుకొచ్చేసేది. ముందు గదిలో చాప పరిచి కూర్చోబెట్టి, వచ్చేదాకా చెప్పేది. పైసా పుచ్చుకునేది కాదు. వాళ్ళతో పాటు నేనూ ఇంత అటుకులో మరమరాలో పెట్టేదాన్ని. మా ఇంట్లో అది గొప్ప సంగతి కాదు, కూరలో ఉప్పులాంటిది.

"దాన్ని ఇంటికి తీసుకొస్తాను. వాళ్ళ ఇల్లు ఈ వీధి చివరే" అంది.

మీ నాన్న పేపర్లు దిద్దుతూ తలెత్తాడు. "స్కూల్లో ఒక మాట అడిగి చూడరాదూ?"

"ఏమని అడగను బావా? చదువు చెప్పనా వద్దా అనా? చదువు చెప్పడానికి కూడా పర్మిషనేంటి?"

"ఏమో, ఇక్కడ గాలి పీల్చడానికి కూడా ఏదో కాగితం ఉండేలా ఉంది."

"ఆ కాగితం వచ్చేలోపు టర్ము అయిపోతుంది. దానికి భిన్నాలు రావు, నాకు ఉద్యోగం రాదు."

మీ నాన్న నా వైపు చూశాడు. నేనేమన్నానో తెలుసా? "తీసుకురావే, పాపం. పిల్లేగా" అన్నాను. మొదటి తప్పు ఎవరిదని ఎప్పుడైనా లెక్క తీస్తే, ఆ మాట కూడా అందులో వేసుకో.

మర్నాడు వచ్చింది ఆ పిల్ల. పదకొండేళ్ళుంటాయి. పొడుగ్గా, సన్నగా, మాటా పలుకూ లేకుండా. జుట్టు నడుం దాకా ఉంది గానీ దువ్వెన చూసి ఎన్నాళ్ళయిందో! ముందు వైపు చేత్తో సర్దుకున్నట్టుంది. వెనక చూస్తే పిచ్చుకగూడే. నేను మనసులో ఆ పేరే పెట్టుకున్నాను.

"ఇంట్లో చెప్పి వచ్చావా?" అని మీ అమ్మ అడిగితే తల ఊపింది. వాళ్ళమ్మ లేదని, నాన్న బస్సు నడుపుతాడని, చీకటి పడ్డాక గానీ రాడని మీ అమ్మ నాకు చెప్పింది.

ఆ భిన్నాలు ఎలా చెప్పిందనుకున్నావు? మంచం మీద దుప్పటి లాగింది. ఒక చివర నన్ను పట్టుకోమంది, ఇంకో చివర ఆ పిల్లని. "ఒక దుప్పటి. మడవండి. ఇప్పుడెంత?" సగం. ఇంకోసారి మడిస్తే సగంలో సగం. ఇంకోసారి మడిస్తే దానిలో సగం. నువ్వు మధ్యలో దూరి దుప్పట్లో చుట్టుకుపోయావు. "ఇదిగో, ఇది భాగించడానికి కుదరని సంఖ్య" అంది మీ అమ్మ. అదే మాట ఆ పిల్లకి వాళ్ళ భాషలో చెప్పింది. పిచ్చుకగూడు అప్పుడు నవ్వింది. ముందు పళ్ళ మధ్య చిన్న సందు. అరవై ఏళ్ళు దాటాక నాకూ ఆ రోజే తెలిసింది, కింద అంకె పెద్దదయ్యే కొద్దీ ముక్క చిన్నదవుతుందని. చిన్నప్పుడు మా పంతులు దుప్పటి మడిచి ఉంటే నేనూ చదువుకునేదాన్నేమో.

మంగళవారం, శుక్రవారం. మంగళవారం, శుక్రవారం. అలా మూడు వారాలు. క్లాసులో పిచ్చుకగూడు చెయ్యెత్తి జవాబు చెప్పిందట. చెయ్యెత్తిన రోజు వెనకబెంచీ కూడా ఉందట. ఆవిడ పెన్ను ఆపి తలెత్తి చూసిందట. ఆ సాయంత్రం మీ అమ్మ నడవలేదు, తేలింది. "ఉంచేసుకుంటారు బావా, చూస్తూ ఉండు" అంది. మీ నాన్న, "నిన్ను సరే, నా మాటేమిటి? నా క్లాసులో ఇంకా ఎవడూ చెయ్యెత్తలేదు. ఆవలింతకి తప్ప" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం.

నాలుగింటికి మీ అమ్మ ఆ పిల్లకి లెక్కలిచ్చి, బట్టలు ఉతకడానికి కిందికి వెళ్ళింది. ఒక్క నిమిషం మిషను దగ్గర లేకపోతే తర్వాతి వంతువాళ్ళు మన బట్టలు తడితడిగా బయట పడేసేవాళ్ళు. అందుకని అయ్యేదాకా అక్కడే కాపలా ఉండేది. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, నిన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, నూనె రాసి జడ వేస్తున్నాను. నువ్వు ఊరుకుంటావా, "అబ్బా అమ్మమ్మా, లాగకు" అని ఒకటే గోల.

లెక్కలు చేసే పిల్ల పెన్సిలు ఆపి మనల్ని చూస్తోంది.

నీ జడ అయింది, నువ్వు తుర్రుమన్నావు. నేను దువ్వెనలో వెంట్రుకలు తీస్తున్నాను. ఆ పిల్ల లేచింది. నేను పిలవలేదు. నీ మీద ఒట్టు, సైగ కూడా చేయలేదు. తనంతట తనే వచ్చి, నీ తర్వాత వంతు తనదే అన్నట్టు, నాకు వీపు పెట్టి నేల మీద కూర్చుంది.

నువ్వు చెప్పు, నేనేం చేయాలి?

చేతికి నూనె రాసుకున్నాను. చివర్ల నుంచి మొదలుపెట్టాను. ఒక్కో పాయ విడదీస్తూ పైకి వస్తున్నాను. ఒక్కసారీ తల ముందుకి లాక్కోలేదు. నేను మన భాషలో ఏదేదో మాట్లాడుతున్నాను, ఊరికే, దువ్వేటప్పుడు మాట్లాడతాం చూడూ, అలా. మెడ దగ్గర, లోపల, ఒక ఉండ తగిలింది. నిమ్మకాయంత. జుట్టు జుట్టులోకి దిగి, గట్టిపడి, కొబ్బరిపీచులా అయిపోయింది. నూనెకి లొంగలేదు, దువ్వెనకి లొంగలేదు. లాగితే ప్రాణం పోతుంది పిల్లకి. డబ్బాలోంచి కత్తెర తీసి, చూపించాను. తల ఊపింది. కత్తిరించేశాను.

తర్వాత జడ ఎంత సాఫీగా వచ్చిందనీ! రెండు జడలు వేసి, నీ రిబ్బన్లు రెండు తీసి కట్టాను. పిల్ల అద్దంలో చూసుకోలేదు. వెనక్కి చెయ్యి పెట్టి, ఆ ఉండ ఉన్న చోటు తడుముకుంది. నేల మీద పడ్డ ఉండని తీసి కోటు జేబులో పెట్టుకుంది. నేను పారేద్దామని చెయ్యి చాపితే ఇవ్వలేదు.

మీ అమ్మ బట్టల బుట్టతో వచ్చి, గుమ్మంలో ఆగి చూసి, "అబ్బ, ఎంత బావున్నావే!" అంది. మన భాషలోనే అనేసింది. ఆ పిల్లకి అర్థమైనట్టే నవ్వింది. అంతే జరిగింది. ఇంతకంటే గింజంత ఎక్కువ లేదు.

సోమవారం ఆ పిల్ల నాన్న స్కూలుకి వచ్చాడు. డ్రైవరు బట్టలతోనే వచ్చాడట, డ్యూటీ మధ్యలో. ఆ ఉండని తీసి పెద్ద టీచరమ్మ బల్ల మీద పెట్టాడట. ఇవన్నీ నాకు ఆ రోజు తెలియవు. మీ అమ్మ మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. "ఏం లేదమ్మా, నాలుగు రోజులు సెలవు ఇచ్చారు" అంది. కడుపుతో ఉన్నవాళ్ళకీ జ్వరం వచ్చినవాళ్ళకీ ఇస్తారు గానీ, బాగున్నవాళ్ళకి పిలిచి సెలవెందుకిస్తారు? అడిగితే, "నువ్వు పిల్లని చూసుకోమ్మా" అంది. ఆ గొంతులో తలుపు మూసినట్టుంది. నేను తట్టలేదు.

మర్నాడు పొద్దున్న మామూలుగానే లేచి తయారైంది. బూట్ల తాళ్ళు కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి, వంగి మళ్ళీ విప్పుకుంది. ఆ తర్వాత రోజూ అంతే. దిద్దేసిన పేపర్లే తీసి మళ్ళీ దిద్దుతూ కూర్చునేది. సంతకం పెట్టే చోట పెన్ను ఆనించి, పెట్టకుండా ఎత్తేసేది.

మూడో రోజు మీ అమ్మ నిన్ను తీసుకుని పాలకి వెళ్ళినప్పుడు మీ నాన్నని వంటింట్లో పట్టుకున్నాను.

"ఒరేయ్, నా కళ్ళలోకి చూసి చెప్పు. ఏం జరిగింది?"

వాడు కుళాయి తిప్పాడు, ఆపాడు. గ్లాసు కడిగాడు, కడిగిందే మళ్ళీ కడిగాడు. "పిల్లల్ని ఇంటికి తీసుకురాకూడదట అత్తా. తండ్రి సంతకం లేకుండా అసలు కూడదట. పిల్లల ఒంటి మీద చెయ్యి వేయకూడదట. మాకిచ్చిన పుస్తకంలో రాసే ఉంది. మేమిద్దరం చదివాం."

"చదివి మరి?"

"కొట్టకూడదని రాశారనుకున్నాం. మనం కొట్టం కదా, మనకెందుకులే అనుకున్నాం."

"ఆ తండ్రి ఏమన్నాడు?"

"వాళ్ళావిడ పోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల తల ముట్టనివ్వలేదట ఎవరినీ. ఏడాదై బతిమాలుతున్నాడట. దువ్వెన చేత్తో పట్టుకుని పొద్దున్నే దాని వెనకాల తిరుగుతాడట. 'నా కూతురికి దువ్వే దిక్కు లేదని మీకెవరు చెప్పారు?' అన్నాడట. అరవలేదట అత్తా. అదే మాట పదిసార్లు అడిగాడట."

"అయితే వెళ్ళి చెప్పండిరా. చేసింది ఆ ముసల్ది, టీచరు కాదు, బుద్ధి తక్కువై చేసిందని చెప్పండి."

వాడు గ్లాసు తుడవడం మొదలుపెట్టాడు.

"అది ఏం చెప్పింది వాళ్ళతో?"

"నేనే చేశానని చెప్పింది."

"ఎందుకూ?"

"నీ పేరు చెబితే, పిల్లని ఎవరో తెలియని మనిషికి, చేతికి కత్తెర ఇచ్చి, వదిలేసి కిందికి పోయానని ఒప్పుకున్నట్టు. అది ఇంకా పెద్ద తప్పు. పైగా నువ్వు ఇక్కడ ఉండటానికిచ్చిన కాగితం చాలా పల్చటిది. నిన్ను పంపేస్తారేమోనని దాని భయం. నీకు చెప్పొద్దంది. చెప్పినట్టు తెలిస్తే నన్ను చంపుతుంది."

నాకు నోరు ఉంది. ఊళ్ళో ఆరుగురు తోటికోడళ్ళని ఒంటరిగా నెగ్గిన నోరు. అది ఆ దేశంలో గోడకి తగిలించిన గంటలాంటిది. నాలుక తీసేసిన గంట.

గురువారం మీ అమ్మ ఏదో కాగితం కోసం ఊళ్ళో సర్కారు ఆఫీసుకి వెళ్ళింది. నేను నీకు కోటు తొడిగి, టోపీ పెట్టి, చెయ్యి పట్టుకుని బయల్దేరాను. దారి తెలుసు, రోజూ కిటికీలోంచి మీ అమ్మ వెళ్ళే దారేగా. స్కూలు గేటు దగ్గర మనిషి ఏదో అడిగాడు. నేను నిన్ను చూపించి లోపలికి నడిచాను. చిన్నపిల్ల చేతిలో ఉంటే లోకంలో ఎవరూ గట్టిగా ఆపరు.

పెద్ద టీచరమ్మ గదిలో ఆవిడా, ఆవిడ ఎదురుగా వెనకబెంచీ, ఇద్దరూ ఉన్నారు. చూడగానే ఆవిడే వెనకబెంచీ అని పోల్చుకున్నాను, ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్ను. నాకు కుర్చీ వేశారు. గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఎంతో మర్యాద చేశారు తల్లీ, మర్యాదకి లోటు లేదు.

నేను కూర్చోలేదు. చేతులు చూపించాను. ఇలా దువ్వినట్టు, ఇలా మూడు పాయలు తీసి అల్లినట్టు, వేళ్ళతో కత్తెర ఆడించినట్టు. నా గుండె మీద చెయ్యేసి కొట్టుకున్నాను. నేను, నేను. మీ అమ్మ బొమ్మ గాల్లో గీసి, కాదు కాదు అని చెయ్యి ఊపాను. వాళ్ళు ముందుకి వంగి, ఎంత శ్రద్ధగా చూశారో! వెనకబెంచీ రాసుకోలేదు కూడా. పెద్ద టీచరమ్మకి ఏదో తట్టినట్టయింది. నీ జడ చూపించి, బావుందని బొటనవేలు ఎత్తింది.

చెమటలు పట్టాయి నాకు ఆ చలిలో. నీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నీకు వచ్చుగా వాళ్ళ మాటలు? పార్కులో పిల్లలతో మాట్లాడతావుగా? చెప్పవే నా తల్లీ. అమ్మమ్మ చేసింది, అమ్మ కాదు అని చెప్పు. అంతే, ఆ ఒక్క ముక్క."

నువ్వు నా చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకున్నావు. బయటికి లాగితే, వాళ్ళిద్దరినీ చూసి, నీకు బాగా వచ్చిన మాట ఒకటి వాళ్ళ భాషలో అన్నావు. జారుడుబల్ల దగ్గర నేర్చుకున్న మాట. "ఇప్పుడు నా వంతు!"

ఇద్దరూ నవ్వారు. ముద్దుగా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను?

మీ నాన్నని క్లాసులోంచి పిలిపించారు. చేతినిండా పెన్ను మరకలతో పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒరేయ్, మంచివేళకి వచ్చావు. చెప్పు వీళ్ళకి. పిల్లని పిలిచింది చదువు చెప్పడానికి, అది మీ ఆవిడ మంచితనం. పిల్ల నా ముందుకొచ్చి కూర్చుంది. నేను దువ్వాను. నాకు కూతురు ఉంది, మనవరాలు ఉంది, తల ముందుకొచ్చి కూర్చుంటే దువ్వడం తప్ప నాకు ఇంకోటి తెలియదు. ఆ ఉండ తీయకపోతే పిల్లకి పుండు పడేది. కత్తెర పట్టింది నేను. అది ఆ సమయానికి గదిలో లేదు, కింద బట్టల దగ్గరుంది. ఆ తండ్రి కాళ్ళకి కావాలంటే నేను దణ్ణం పెడతాను. నన్ను పంపేయమను, రేపే పోతాను. దాన్ని మాత్రం పిల్లల దగ్గర్నుంచి తీయొద్దను. చెప్పు, అంతా చెప్పు, ఒక్క ముక్క వదలకుండా."

వాడు విన్నాడు. నేను చెప్పినంతసేపూ విన్నాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగి చెప్పాడు.

నాలుగైదు మాటలు. అంతే. నేను ఊపిరి పీల్చి వదిలేలోగా అయిపోయాయి.

పెద్ద టీచరమ్మ నా వైపు తిరిగి తల ఊపి, నా భుజం తట్టింది. వెనకబెంచీ నీ టోపీ సర్దింది. మమ్మల్ని గేటు దాకా పంపమని మీ నాన్నకి చెప్పినట్టుంది.

ఆటస్థలం పక్కగా నడుస్తూ అడిగాను. "చెప్పావట్రా?"

"చెప్పానత్తా."

"అంతా?"

"అంతా."

నేను వాడి మొహం చూడలేదు. వాడూ నా మొహం చూడలేదు. నువ్వు మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఉయ్యాల ఊగుతూ నడుస్తున్నావు. నిజం చెబితే వాడి పెళ్ళాం అబద్ధం చెప్పిందని తేలుతుంది. చెప్పకపోతే తప్పు చేసిందని తేలుతుంది. తప్పు చేసినవాళ్ళకి ఇంకో చోటైనా పని దొరకవచ్చు, అబద్ధం చెప్పినవాళ్ళకి ఎక్కడా దొరకదు. ఇదంతా వాడు ఆ గుమ్మంలో నిలబడ్డ ఆ రెండు క్షణాల్లో ఆలోచించి ఉంటాడు. మేనల్లుడు, తెలివైనవాడే.

"ఇంట్లో ఈ సంగతి..." అన్నాడు గేటు దగ్గర.

"అనన్లే. వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటారు."

టర్ము అయిపోయే వారం రెండు ఉత్తరాలొచ్చాయి. మీ నాన్నని ఉంచుకున్నారు. మీ అమ్మది చదివి, మడతపెట్టి, "చాలా మర్యాదగా రాశారమ్మా. ఇంకోలా ఆలోచించవచ్చు అని కూడా రాశారు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగాను. ఆ పూట కూరకి ఉల్లిపాయ అక్కర్లేదు.

ఇంకో రెండు రోజులకి కిటికీలోంచి పిచ్చుకగూడు కనిపించింది. స్కూలు నుంచి వస్తోంది. మొదట పోల్చుకోలేదు. జుట్టు చెవుల పైకి, మొత్తం కత్తిరించేశారు. మెడ సన్నగా, తెల్లగా, చలికి బిగుసుకుపోయి ఉంది. మన కిటికీ కింద ఆగింది. పైకి చూసింది. నేను చెయ్యెత్తాను గానీ ఊపలేకపోయాను. ఏమని ఊపను? ఒక నిమిషం నిలబడి, రెండు చేతులూ దులుపుకుని, వెళ్ళిపోయింది. మీ అమ్మ బల్ల దగ్గరే ఉంది. చూడలేదు. నేను పిలవలేదు.

మీ అమ్మ మళ్ళీ ఏ బడి గుమ్మమూ ఎక్కలేదు. దరఖాస్తు కాగితం తెచ్చుకున్నప్పుడల్లా, ఇంతకుముందు చోట ఎందుకు మానేశారు అనే ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయేది. అడిగినవాళ్ళకి, "పిల్ల చిన్నది కదండీ, దానికోసం మానేశాను" అని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పగా చెప్పగా అదే ఖాయమైపోయింది. మొన్న ఎవరితోనో నువ్వు ఫోనులో, "మా అమ్మ నా కోసం కెరీర్ వదిలేసుకుంది" అంటుంటే విన్నాను. ఆ బరువు నీది కాదే. నాలుగేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు? అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

మీ నాన్నని నిలదీయకు. మీ అమ్మకి నాకు తెలియదనే ఉంది, నేను ఉన్నంతవరకూ అలాగే ఉండనీ. నేను పోయాక చెప్పు. నీకు పిల్లలు పుడితే వాళ్ళకి చెప్పు. ఆ పిచ్చుకగూడు ఇప్పుడు ఎక్కడో ఎవరికో తల్లి అయి ఉంటుంది, ఎప్పుడైనా ఎదురుపడితే ఆ పిల్లకీ చెప్పు. ఒక్క ముక్క మరవకుండా చెప్పు. నీకిప్పుడు ఆ భాష మా ముగ్గురికంటే బాగా వచ్చు.

కాదు, ఉండు. లేవకు. ముందు నాకు చెప్పు. నేను మీ నాన్నతో అన్నదంతా ఆ భాషలో, మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చెప్పు. నాకు అర్థం కాదనుకో. ఎంత పొడుగుంటుందో వింటాను.